ఆమె పేరు ఆమె నోటితోనే చెప్పించు

చిన్నీ,

బ్రాడీపేట నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. ఓటరు నమోదు కోసం బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి)తో పాటు సింగ్‌నగర్‌లో ఇల్లిల్లూ తిరగబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! టీచరుగా గుంటూరులో నేను ఏళ్ల తరబడి చేసిన పని అది.

ముఖ్యమైనది ఒక్కటే. ఆడమనిషి పేరు ఆమె నోటితోనే చెప్పించు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఇంటిల్లిపాదివీ గబగబా చెప్పేస్తాడు. రాసుకో, కానీ అక్కడి నుంచి కదలకు. "అమ్మా, ఒక్కసారి రండి" అని లోపలికి కేక వెయ్యి. ఒకింట్లో నేనలా పిలిస్తే కోడలు పిండి చేతులతోనే వచ్చింది. మామగారు రాయించింది ఇంట్లో పిలిచే ముద్దుపేరు. ఆమె అసలు పేరు నేను రాస్తుంటే, కాగితం మీదికి వంగి ఒక్కో అక్షరం చూసింది. ఆ చూపు నేనింకా మర్చిపోలేదు.

దీనికింత పట్టుబట్టడమెందుకంటే, 1951-52 మొదటి ఎన్నికలప్పుడు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లకు ఓటు లేకుండా పోయింది, ఎక్కువగా ఉత్తరాదిలో. సొంత పేరు చెప్పకుండా "ఫలానా ఆయన భార్య", "ఫలానా ఆయన కూతురు" అని రాయించుకోవడమే కారణం. 1917లో సరోజినీ నాయుడు బృందం మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి అడిగిన హక్కు అది. మన జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో వచ్చింది, అదీ ఆస్తిపాస్తులున్న కొద్దిమందికే. అందరికీ వచ్చేసరికి స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది. అలాంటిది ఒక పేరు తప్పు రాసి పోగొడతామా?

పెద్ద వయసు వాళ్లు కొందరు మొగుడి పేరు పలకరు. బలవంతపెట్టకు, రేషన్ కార్డు అడుగు. తండ్రి పేరో తల్లి పేరో రాసినా సరిపోతుంది.

పెళ్లయి వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ల దగ్గర జాగ్రత్త. అక్కడ ఓటుంటే ఫారం 8తో ఇక్కడికి మార్పించాలి. కొత్తగా ఫారం 6 పెడితే రెండు చోట్లా పేరుండి చిక్కులొస్తాయి. ఫారం 6 మొదటిసారి చేరేవాళ్లకే. 17 నిండిన పిల్లలు కూడా ముందుగానే పెట్టుకోవచ్చు.

కుళాయి నీళ్లొచ్చే వేళ వెళ్లకు, ఎవరూ నిలబడి మాట్లాడరు. సాయంత్రం నాలుగింటికి వెళ్లు.

ఫోన్ నంబరు కూడా ఆమెదే రాయి, ఆమెకు ఫోనుంటే. ముసాయిదా జాబితా రాగానే మళ్లీ ఆ గుమ్మాలెక్కి, ఎవరి పేరు వాళ్లకే చూపించు.

మీ పెద్దమ్మ