గుండ్రటి పువ్వు, చుట్టూ చదరం

క్రోషే అల్లికలో మధ్యన పువ్వు వచ్చే గ్రానీ స్క్వేర్ (మధ్యనుంచి చుట్లు చుట్లుగా అల్లే చదరం ముక్క) గురించి పాఠకులు అడిగినవి ఇవి. జవాబుల్లో కుట్ల పేర్లు అమెరికన్ పద్ధతివి. బ్రిటిష్ నమూనాలు చూసి అల్లేవారు ఇక్కడి సింగిల్ క్రోషేని డబుల్ అనీ, డబుల్‌ని ట్రెబుల్ అనీ చదువుకోవాలి.

ప్రశ్న: పువ్వు బాగానే వస్తోంది. చదరంగా మార్చబోతే మాత్రం మూలలు వంకరపోతున్నాయి. మొదటినుంచీ లెక్కతో చెబుతారా?

జవాబు: మూలలు నాలుగు కాబట్టి రేకుల సంఖ్యని నాలుగుతో భాగిస్తే శేషం మిగలకూడదు. 12 రేకులు అన్నిటికన్నా అనువు. డీకే మందం (మరీ సన్నం, మరీ లావు కాని) దారం మూడు రంగుల్లో, 4 మి.మీ. హుక్ తీసుకోండి.

మ్యాజిక్ రింగ్ (కొస లాగితే బిగిసే దారపు ఉంగరం) వేసి 3 చైన్లు అల్లండి. అవే మొదటి డబుల్ క్రోషే కింద లెక్క. రింగులో ఇంకో 11 డబుల్ క్రోషేలు వేసి, మొదటి చైన్ల తలలో స్లిప్ స్టిచ్‌తో కలిపి దారం తెంపండి.

రేకులు కుట్ల తలల మీద కాదు, కుట్టుకీ కుట్టుకీ మధ్య సందులో రావాలి. రెండో రంగుని ఒక సందులో కలిపి 3 చైన్లు వేయండి. అదే సందులో రెండు డబుల్ క్రోషేలు మొదలుపెట్టి, రెండిటినీ చివరి లాగుడు దగ్గర ఆపేయండి. ఇప్పుడు హుక్ మీద మూడు లూపులుంటాయి. దారం చుట్టి మూడిట్లోంచీ ఒకేసారి లాగితే రేకు తయారు. 2 చైన్లు వేసి తర్వాతి సందుకి వెళ్లండి. ఇక్కణ్ణుంచి ప్రతి రేకుకీ పూర్తికాని డబుల్ క్రోషేలు మూడు, హుక్ మీద లూపులు నాలుగు. చుట్టు పూర్తయ్యేసరికి 12 రేకులు, మధ్యన 12 ఖాళీలు ఉండాలి. ఒక్కటి తగ్గినా విప్పేయండి. తర్వాతి చుట్టులో సర్దుకుందామంటే కుదరదు.

మూడో రంగుతో ఒక ఖాళీలో 3 డబుల్ క్రోషేలు, 2 చైన్లు, మళ్లీ 3 డబుల్ క్రోషేలు. ఇది మూల. తర్వాతి రెండు ఖాళీల్లో మూడేసి డబుల్ క్రోషేలు, ఆ పైన మళ్లీ మూల. ఇలా నాలుగుసార్లు. ఒక్కో పక్కకి మూడేసి కుట్ల గుత్తులు నాలుగు, అంటే 12 కుట్లు వస్తాయి. నాలుగో చుట్టులోనూ మూలల్లో ఇదే పద్ధతి, గుత్తుల మధ్య సందుల్లో మూడేసి. అప్పుడు పక్కకి 15 కుట్లు. మూడో చుట్టులో మూలలు కాస్త గుండ్రంగా కనిపించినా కంగారు పడకండి, నాలుగో చుట్టుతో నిలబడతాయి.

ప్రశ్న: నాది గిన్నెలా పైకి లేస్తోంది. మా అక్క అల్లినదేమో అంచంతా కుచ్చిళ్లు పడుతోంది.

జవాబు: చుట్టు పెరిగినంతగా కుట్లు పెరగకపోతే గిన్నె, అవసరానికి మించి పెరిగితే కుచ్చిళ్లు. లెక్క సరిపోయినా మీది లేస్తోందంటే రేకుల మధ్య చైన్లు బిగిసి ఉంటాయి. చైన్లు వదులుగా వేయండి, లేదా 2 బదులు 3 వేయండి. మీ అక్కగారిని గుత్తుల మధ్య అదనపు చైన్లు పడుతున్నాయేమో చూసుకోమనండి.

ప్రశ్న: రేకులు పైకి లేచి ఉండే ఆరు రేకుల పువ్వే నాకిష్టం. అది చదరంలో ఇమడదా?

జవాబు: చక్కగా ఇముడుతుంది, 24 కుట్ల సాయంతో. ఆరు రేకులకీ, నాలుగు మూలలు నాలుగు పక్కలు కలిపి ఎనిమిదికీ 24 సమంగా సరిపోతుంది. రింగులో 12 డబుల్ క్రోషేలు వేశాక, రెండో చుట్టులో ఒక్కోదానిలో రెండేసి సింగిల్ క్రోషేలు వేస్తే 24 కుట్లు. కుట్టు తలలో రెండు పోగులుంటాయి, మీవైపుది ముందు లూపు, అవతలిది వెనక లూపు. రేకుల్ని ఈ కుట్ల ముందు లూపుల్లోనే అల్లాలి. నాలుగేసి కుట్లకో రేకు: మొదటి దానిలో స్లిప్ స్టిచ్, రెండో దానిలో ఒక హాఫ్ డబుల్, రెండు డబుల్ క్రోషేలు, మూడో దానిలో రెండు డబుల్, ఒక హాఫ్ డబుల్, నాలుగో దానిలో స్లిప్ స్టిచ్. రేకుల్ని మీవైపు మడిచి చూస్తే వెనక లూపులు 24 ఖాళీగా కనిపిస్తాయి. చదరం రంగుతో ప్రతి మూడో వెనక లూపులో ఒక సింగిల్ క్రోషే, 3 చైన్లు. మొత్తం 8 చైన్ తోరణాలు. ఒకటి విడిచి ఒకటి మూల, మధ్యవి పక్కలు. ఈ అల్లికలో అందమంతా ఇక్కడే ఉంది: పువ్వుదొక లెక్క, చదరానిదొక లెక్క, రెండూ వెనకాల కలుస్తాయి.

ప్రశ్న: చదరం ఒక పక్కకి మెలి తిరిగినట్టుంది.

జవాబు: ఎప్పుడూ ఒకే ముఖం చూస్తూ అల్లితే కుట్లు ఒకవైపుకే ఒరుగుతాయి. పువ్వు అయ్యాక ప్రతి చుట్టుకీ అల్లికని వెనక ముఖం మీవైపు వచ్చేలా తిప్పండి.

ప్రశ్న: కుషన్‌కి 16 చదరాలు కావాలి. దారం ఎంత పడుతుంది? అన్నీ ఒకే కొలతలో రావడానికేం చేయాలి?

జవాబు: ముందు ఒకటి అల్లండి. ప్రతి రంగు ఉండనీ అల్లకముందూ అల్లాకా తూచి, తేడాని 16తో గుణించండి. పదోవంతు అదనంగా కొనండి, అన్నీ ఒకే డై లాట్‌వి (ఒకే విడతలో రంగు వేసినవి). కొలత కోసం అట్టమీద చదరం గీసి, అల్లినవాటిని దానికి సరిగ్గా సాగదీసి గుండుసూదులు గుచ్చండి. కాటన్ అయితే తడిపి, పూర్తిగా ఆరేదాకా వదిలేయండి. యాక్రిలిక్‌కి ఆవిరి దూరం నుంచే పట్టండి, ఇస్త్రీపెట్టె తగిలితే దారం చదునై జీవం పోతుంది, మళ్లీ రాదు. దారం కొసలు 15 సెం.మీ. వదిలి, సూదితో మూడు దిక్కులకి తిప్పి దాచాకే చదరాల్ని కలపండి. ఒకే దిక్కుకి దాచిన కొస ఉతికేసరికి బయటికొస్తుంది.