మీ పాయింట్ గార్డ్ లేకుండా ఆడాల్సి వస్తే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ప్లేఆఫ్స్ దగ్గరపడ్డాక మీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో బంతి తెచ్చి ఆట నడిపించే పాయింట్ గార్డ్ అమ్మాయికి పిక్క పట్టేసిందని, ఆడించాలా వద్దా తేల్చుకోలేకపోతున్నానని రాశావు. అది నువ్వు తేల్చకూడదమ్మా. నీకు గెలవాలని ఉంటుంది, ఆమెకు ఆడాలని ఉంటుంది. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే ఏం తేలుతుందో ముందే చెప్పొచ్చు. డాక్టర్‌కి వదిలెయ్యి. ఆయన వద్దంటే స్కోరు ఎంత దగ్గరగా ఉన్నా మ్యాచ్ మధ్యలో మళ్లీ ఆ మాట ఎత్తకు.

పిక్కే కదా అనుకోవద్దు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ 2019 ఫైనల్స్‌లో కెవిన్ డ్యురాంట్ పిక్క గాయంతో నెలరోజులు ఆగి, ఐదో మ్యాచ్‌లో దిగాడు. 12 నిమిషాల్లో 11 పాయింట్లు చేశాడు, అంతలో పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్ తెగింది. 2025 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానా పేసర్స్ గార్డ్ టైరీస్ హాలిబర్టన్ కూడా పిక్క నొప్పితోనే దిగాడు. మొదటి క్వార్టర్‌లో మూడు త్రీలు (మూడేసి పాయింట్ల షాట్లు) వేసి, అదే టెండన్ తెగి పడిపోయాడు. ఇద్దరికీ తర్వాతి సీజన్ పోయింది.

నీకు ఎవరో ఒకరు 1970 ఫైనల్స్ గురించి చెప్తారు. తొడ కండరం చిరిగిన విల్లిస్ రీడ్ ఏడో మ్యాచ్‌కి కుంటుతూ వచ్చాడు, న్యూయార్క్ నిక్స్ కప్పు కొట్టింది అని. నిజమే. కానీ ఆ రోజు రీడ్ చేసినవి 4 పాయింట్లు. అదే టీమ్ గార్డ్ వాల్ట్ ఫ్రేజియర్ 36 పాయింట్లు, 19 అసిస్ట్‌లతో (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) మ్యాచ్‌ని లాక్కొచ్చాడు. నువ్వు వెతుక్కోవాల్సింది మీ టీమ్‌లో ఫ్రేజియర్ ఎవరని.

స్టార్ పడిపోగానే టీమ్ కుప్పకూలుతుందని అందరూ భయపడతారు. నేను గమనించినంతలో దెబ్బ కాస్త ఆలస్యంగా తగులుతుంది. మొదట్లో మిగతావాళ్లు రెట్టింపు పట్టుదలతో ఆడతారు. హాలిబర్టన్ వెళ్లిపోయాక కూడా పేసర్స్ హాఫ్‌టైమ్‌కి 48-47తో ముందే ఉన్నారు. మూడో క్వార్టర్‌లో ఎదుటి జట్టు ఓక్లహోమా సిటీ 34 చేస్తే వీళ్లు 20 దగ్గర ఆగిపోయారు. చివరికి 103-91తో ఓడారు. అదే ఏడాది బోస్టన్ సెల్టిక్స్‌కి స్టార్ జేసన్ టేటమ్ గాయంతో దూరమయ్యాక, నిక్స్‌తో జరిగిన తర్వాతి మ్యాచ్ 127-102తో గెలిచారు. ఆ పైదాంట్లో 119-81తో చిత్తుగా ఓడి ఇంటికి వెళ్లారు. ఎందుకంటే అప్పటికి ఎదుటి కోచ్‌కి కొత్త లెక్క దొరికిపోతుంది, అదనపు నిమిషాలు ఆడినవాళ్ల కాళ్లు బరువెక్కుతాయి. స్టార్ మీదకి ఇద్దరు డిఫెండర్లు వెళ్లడం వల్ల దొరికిన ఖాళీ షాట్లు ఇక దొరకవు. స్కోర్‌షీట్‌లో కనిపించని లోటు ఇదే. మీ పాయింట్ గార్డ్ చేసే పాయింట్లు ఎవరు చేస్తారని కంగారుపడేకంటే, బంతిని మీ సగం నుంచి ఎదుటి సగానికి తెచ్చేది ఎవరో ముందు చూసుకో.

అందుకని ఇప్పటినుంచే ప్రతి ప్రాక్టీస్‌లో కొంతసేపు ఆమెను కూర్చోబెట్టి మిగతావాళ్లని ఆడించు. బంతి తెచ్చే పని ఒక్కరి మీద వెయ్యకు, ఇద్దరికి నేర్పు, బంతి తెస్తుంటే వాళ్ల మీద గట్టిగా ప్రెస్ చేయించు, అంటే దగ్గరగా మీదపడి కాయించు. ప్లేలు (ముందే అనుకున్న ఎత్తులు) మూడో నాలుగో చాలు, అందరికీ కంఠస్థం అయినవి. వేగం తగ్గించు. ఆధిక్యంలో ఉన్నా సరే, మూడో క్వార్టర్‌లో ఇద్దరిద్దరికి చొప్పున విశ్రాంతి ఇవ్వు. నువ్వు టెన్షన్‌లో ముందు మర్చిపోయేది ఇదే.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రూల్ కూడా గుర్తుంచుకో. దెబ్బ తగిలిన ప్లేయర్ సుమారు 15 సెకన్లలో ఆడలేకపోయినా, చికిత్స తీసుకున్నా బయటికి రావాల్సిందే. ఆమెకి వచ్చిన ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దొరికే, ఎవరూ అడ్డుకోని షాట్లు) బదులు దిగిన అమ్మాయే వెయ్యాలి. అప్పటిదాకా బెంచ్ మీద చల్లబడి కూర్చున్న పిల్ల ఒక్కసారిగా లైన్ దగ్గర నిలబడుతుంది. ఆ రెండు షాట్లు బదులు దిగే పిల్లతో రోజూ వేయించు, అదీ కూర్చోబెట్టి లేపి.

మీ పాయింట్ గార్డ్ నిజంగా పడిపోతే వెంటనే టైమ్‌అవుట్ తీసుకో. ధైర్యం చెప్పే ఉపన్యాసం వద్దు. ఎవరు ఎవర్ని కాయాలో, తర్వాతి బంతి ఎవరు తేవాలో చెప్పు, చాలు. ఆ అమ్మాయి దగ్గర మాత్రం ఎవరో ఒకరిని ఉంచు, ఒంటరిగా లాకర్ రూమ్‌కి పంపకు.

బంతి తెచ్చే రెండో అమ్మాయిగా ఎవర్ని అనుకుంటున్నావో రాయి. వాళ్ల ప్రాక్టీస్ వీడియో ఉంటే పంపు, చూసి చెప్తాను.

ప్రేమతో,
మామయ్య