మోగేది ఫోను, దడ గుండెకి

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 41. పదో తరగతి రిజల్ట్ గొడవ మొదలైనప్పటి నుంచి రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది. స్కూలు వాట్సాప్ గ్రూపు మోగితే చాలు, గుండె దడ. ఈసీజీ, థైరాయిడ్ అన్నీ నార్మల్ అన్నారు డాక్టరుగారు. నరాల బలహీనత అంటారు మా అత్తగారు. కపాలభాతి చేయమంది మా వదిన. పడుకునే ముందు చేస్తే దడ ఇంకా ఎక్కువైంది. యోగా నిజంగా నరాలకు పనిచేస్తుందా?
- ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: పనిచేస్తుందమ్మా. కాకపోతే మీ వదినగారు చెప్పింది మీ బాధకి మందు కాదు. కపాలభాతి ఒంట్లో చురుకు పుట్టించే క్రియ, పొద్దున్నే ఖాళీ కడుపుతో చేసేది. పొట్ట ఎగరేస్తూ గాలిని బయటికి తన్నుతుంటే గుండె వేగం పెరుగుతుంది. అసలే ఉలికిపడుతున్న మనిషి రాత్రి పదింటికి అది చేస్తే నిద్రెలా వస్తుంది?

మీ నరాలు బలహీనపడలేదని అత్తగారితో చెప్పండి. అవి మరీ మెలకువగా ఉన్నాయి, అంతే. మన ప్రమేయం లేకుండా గుండెనీ పేగుల్నీ నడిపే నాడీ వ్యవస్థలో రెండు శాఖలున్నాయి. మీ స్కూల్లో బయాలజీ టీచరునడిగితే సహానుభూత, సహానుభూత పర అని చెబుతారు. మొదటిది అడ్రినలిన్ విడుదల చేయించి గుండెను ఉరికిస్తుంది. పాము కనబడినా, హెడ్‌మాస్టరు మెసేజ్ పెట్టినా దానికి ఒకటే. రెండోది నెమ్మదింపజేస్తుంది. దాని పెద్ద దారి వేగస్ నాడి, మెదడు అడుగు నుంచి మెడ మీదుగా గుండెకూ ఊపిరితిత్తులకూ పొట్టకూ పోతుంది.

‘నెమ్మదించు’ అంటే గుండె వినదు. ఊపిరి చెబితే వింటుంది. ఇప్పుడే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. గాలి పీల్చేటప్పుడు కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. వదిలేటప్పుడు వేగస్ పైచేయి అవుతుంది కనుక. మనసు కుదురుకోవడానికి పతంజలి చెప్పిన ఉపాయాల్లో శ్వాసను బయటికి వదలడం, నిలపడం కూడా ఒకటి (యోగసూత్రాలు, సమాధి పాదం, 34వ సూత్రం). నిలపడం మీకిప్పుడు వద్దు. వదలడం చాలు.

రాత్రి తిన్న రెండు గంటలకి గోడవారగా చాప పరిచి, వెల్లకిలా పడుకుని కాళ్లు గోడ మీదికి చాపండి. పిరుదులు గోడకి జానెడు దూరంలో, నడుం కింద మడతపెట్టిన దుప్పటి. ముక్కుతోనే నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలండి. అంకెకో సెకను. లెక్కల టీచరుకి చెప్పాలా, నిమిషానికి ఆరు శ్వాసలు! మామూలుగా మనం తీసేవి 12 నుంచి 20. ఆయాసమనిపిస్తే మూడు, ఐదుకి దిగండి. పంతం పట్టకండి. పది నిమిషాలు చాలు.

తర్వాత కూర్చుని భ్రామరి. పెదాలు కలిపి, పళ్లు కలపకుండా, మంద్రంగా ‘మ్‌’ అంటూ ఊపిరి అయిపోయేదాకా లాగండి. ముక్కు దూలం దగ్గర అదురు తెలియాలి. ఆరేడు సార్లు. శబ్దం తీసినంతసేపూ ఊపిరి వదులుతూనే ఉంటారు, అంకెలు లెక్కపెట్టే పని కూడా ఉండదు. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

రెండింటికి మెలకువ వస్తే టైం చూడకండి. ఆ నాలుగు, ఆరు లెక్కే మొదలెట్టండి. స్టాఫ్‌రూంలో ఫోను మోగినా, తీసేముందు మూడుసార్లు నిండుగా ఊపిరి వదలండి.

స్కూలు వాళ్ల రిజల్ట్ పిచ్చి మాత్రం ఏ ఆసనమూ తీర్చదు. రాత్రి తొమ్మిది దాటాక ఆ గ్రూపుని మ్యూట్‌లో పెట్టండి, మొహమాటపడకండి.

బీపీ ఎక్కువున్నా, కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నా కాళ్లు గోడకి పెట్టకుండా మామూలుగా శవాసనంలోనే చేయండి. దడతో పాటు ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా చాప సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి వెళ్లండి.