కాగితం లేని పనికి డబ్బు వసూలవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో ఏడు. వయసు ఇరవై. ద్వారకానగర్‌లో ఒక దుకాణానికి వెబ్‌సైట్ చేసిపెట్టాడు. ఫోన్‌లోనే 40 వేలకు మాట్లాడుకుని, 10 వేలు అడ్వాన్సు ఫోన్‌పేలో తీసుకున్నాడు. పని పూర్తయి రెండు నెలలైంది. మిగతాది అడిగితే "కాగితమేటైనా ఉందా?" అంటున్నారట. నోటిమాట కోర్టులో చెల్లుతుందా? ఈ ఫ్రీలాన్సింగ్ మాన్పించేద్దామా?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: చెల్లుతుందమ్మా. ఇద్దరూ మేజర్లై, ఇష్టపడి, ఫలానా పనికి ఇంత అని మాట్లాడుకుంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అది ఒప్పందమే. ఇలాంటి పనికి కాగితం ఉండి తీరాలని ఆ చట్టం అడగదు. రేటు ఎంతన్నది తేలకపోయినా, ఉచితంగా చేయని పనిని వాడుకుని లాభపడినవారు తగిన ప్రతిఫలం ఇవ్వాలని 70వ సెక్షన్ చెబుతోంది. వాళ్లు ఆ సైట్‌ను వాడుతూనే ఉన్నారు కదా!

చిక్కంతా రుజువు దగ్గరే. అయితే మీవాడి దగ్గర కాగితం లేదు గానీ రుజువులు బోలెడు. ఫోన్‌పే రసీదు ఉంది. "రంగు మార్చు, ఫొటో పెట్టు" అంటూ వాళ్లు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు కూడా ఉండే ఉంటాయి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది లాయరు చూసుకుంటారు. మీవాడు మాత్రం ఆ చాట్‌ను చెరపకూడదు, ఫోన్ మార్చేముందు బ్యాకప్ తీసుకోవాలి.

ముందు గొడవపడకుండా ఒక మెసేజ్ పెట్టమనండి: "సార్, 40 వేలలో 10 వేలు ముట్టాయి. మిగతా 30 వేలు ఎప్పుడు సర్దుతారు?" అవతలి నుంచి "వచ్చే నెల చూద్దాం" అని వచ్చిందా, బాకీ ఒప్పుకున్నట్టే. రాకపోతే లాయరు నోటీసు. అదీ పనిచేయకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడి తేల్చే వీలుంది. దావాకు గడువు మూడేళ్లు. నన్నడిగితే 30 వేల కోసం దావా దాకా వెళ్లడం దండగ, చదువుకునే పిల్లాడు వాయిదాల చుట్టూ తిరగలేడు. కోపంలో సైట్‌ను ఆపేయడం లాంటివి మాత్రం వద్దు, కేసు అటు తిరుగుతుంది.

మాన్పించకండి. ఇరవై ఏళ్లకే బయటివాళ్ల పని పట్టి పూర్తిచేశాడంటే, రేపు ఇంటర్వ్యూలో చూపించుకోదగ్గ పనే అది. పద్ధతి మారితే చాలు. ఫోన్ పెట్టేయగానే మాట్లాడుకున్నదంతా నాలుగు లైన్ల ఈమెయిల్‌లో రాసి "సరేనా సార్?" అని అడగాలి. సగం డబ్బు ముందే తీసుకోవాలి. పాస్‌వర్డులు ఆఖరి చెల్లింపు అయ్యాకే ఇవ్వాలి. ఇలాగే కొనసాగిస్తానంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) కూడా చేయించండి, దానికి రుసుము లేదు. ఆ తర్వాత చేసిన పనులకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం వర్తిస్తుంది: రాతపూర్వక గడువు లేకపోతే పని అందుకున్న 15 రోజుల్లో చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి. ఈ పాత బాకీకి మాత్రం అది పనికిరాదు. దీనికి ఆ మెసేజే దారి, ఈ రాత్రే పెట్టించండి.