40 రోజులైంది, జ్వరం వచ్చింది. హెచ్ఐవి టెస్టు ఎప్పుడు చేయించుకుంటే నమ్మొచ్చు?

మీరు రాసింది ఇదీ: చెన్నై షోలింగనల్లూర్‌లో పీజీ, 40 రోజుల కింద ఒకసారి కండోమ్ లేకుండా కలిశారు, 12వ రోజు ప్రైవేటు ల్యాబులో టెస్టు చేయిస్తే నెగెటివ్. తర్వాత జ్వరం, నోట్లో పుండు. రూమ్మేట్ ట్రిమ్మర్ వాడానని ఇంకో భయం. ఆఫీసులో తెలిసిపోతుందేమోనని టెన్షన్.

నాది సూళ్లూరుపేట. చెన్నైలో ఒక ప్రభుత్వాసుపత్రి టెస్టింగ్ సెంటర్‌లో కొన్నేళ్లు కౌన్సెలర్‌గా చేశాను, డాక్టర్ని కాను. తడ, నాయుడుపేట వైపు నుంచి లోకల్ రైలెక్కి వచ్చిన వాళ్లను తెలుగు వచ్చని నా దగ్గరికే పంపేవారు. సొంతూళ్లో అయితే ల్యాబ్ అతను ఎవరికో ఒకరికి బావమరిది అయి ఉంటాడు కదా!

కుర్రాళ్లు చాలామంది కూర్చోగానే నాలుక బయటపెట్టి, ఫోన్ టార్చ్ వేసుకుని, "ఈ తెల్లటిది చూడండి మేడమ్" అనేవారు. రోజుకొకటి చొప్పున నాలుక ఫొటోలు తీసి దాచుకున్నవాళ్లూ ఉన్నారు. నేను ఆ నాలుక వైపు చూడకుండా క్యాలెండర్ ముందుకు జరిపి, "ఏ తారీఖున జరిగింది?" అని అడిగేదాన్ని. మిమ్మల్ని అడిగేదీ అదే.

12వ రోజు నెగెటివ్‌ను బట్టి ఆ రాత్రి గురించి ఏమీ చెప్పలేం. వైరస్ ఒంట్లో చేరినా, దాంతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను మామూలు టెస్టు వెతుకుతుంది, అవి తయారవడానికి వారాలు పడుతుంది. వేలి చివర గుచ్చి చేసే ర్యాపిడ్ కార్డు టెస్టును పూర్తిగా నమ్మాలంటే 90 రోజులు దాటాలి. నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టు యాంటీబాడీలతో పాటు వైరస్‌లోని పి24 అనే ప్రోటీన్‌నూ పట్టుకుంటుంది. అది 45 రోజులు దాటాక నెగెటివ్ వస్తే, మధ్యలో మళ్లీ రిస్క్ లేకపోతే, నిశ్చింతగా ఉండొచ్చు. అంటే మీకు ఇంకో వారం ఆగితే చాలు. ల్యాబులో ఏ టెస్టు చేస్తారో ముందే అడగండి. అదే రక్తంతో సిఫిలిస్, హెపటైటిస్ బి కూడా చూడమనండి. వాటి సంగతి అందరూ మరిచిపోతారు.

ఇక జ్వరం. హెచ్ఐవి సోకిన రెండు నుంచి నాలుగు వారాలకు కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు, మెడ దగ్గర బిళ్లలు వస్తాయి, వాటంతటవే పోతాయి. డెంగీకీ, మామూలు ఫ్లూకీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. కొందరికి ఏమీ రాదు. తర్వాత ఏళ్ల తరబడి మనిషి మామూలుగానే ఉంటాడు, లోపల మాత్రం జబ్బుల నుంచి కాపాడే సీడీ4 అనే రక్తకణాలు తగ్గుతూ పోతాయి. రక్తపరీక్షలో వాటి లెక్క 200 కంటే తగ్గితే, లేదా టీబీ లాంటి జబ్బులు పట్టుకుంటే, దాన్ని ఎయిడ్స్ దశ అంటారు. మందులు లేకపోతే అక్కడిదాకా రావడానికి సాధారణంగా ఎనిమిది, పదేళ్లు పడుతుంది. నలభై రోజుల్లో నోటిపుండు చూసి ఎయిడ్స్ అనుకోవడం అర్థం లేని భయం.

ట్రిమ్మర్ సంగతి వదిలేయండి. హెచ్ఐవి సోకేది కండోమ్ లేని సెక్స్ వల్ల, సూదులు పంచుకుంటే, పరీక్ష చేయని రక్తం ఎక్కిస్తే, తల్లి నుంచి బిడ్డకు. ముద్దు, దోమ, మెస్సులో కంచం, బాత్రూమ్ వల్ల రాదు. బ్లేడు మాత్రం ఎవరితోనూ పంచుకోకండి, హెపటైటిస్ బి బయట కూడా వారం దాకా బతుకుతుంది.

ప్రభుత్వ సెంటర్లో టెస్టు ఉచితం. తమిళంలో నంబిక్కై మైయం అని అడిగితే చూపిస్తారు. ర్యాపిడ్ కార్డు మీద సి (కంట్రోల్), టి (టెస్ట్) అని రెండు గుర్తులుంటాయి. సి దగ్గర గీత రాకపోతే ఆ టెస్టు చెల్లదు. టి దగ్గర గీత పలచగా వచ్చినా రియాక్టివ్, అంటే హెచ్ఐవి ఉండొచ్చన్న అనుమానం, కిందే లెక్క. కానీ ఒక్క కార్డు చూసి ఎవరికీ పాజిటివ్ అని చెప్పరు. వేర్వేరు రకాల మూడు టెస్టులూ రియాక్టివ్ రావాలి. మొదటిది వచ్చి మిగతా రెండూ రాకపోతే రిపోర్టు నెగెటివే. ఇది తెలియక, ఆపరేషన్‌కు ముందు చేసిన ఒక్క టెస్టు కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లను చూశాను. వాళ్లకు ఆ కాగితం చేతికిచ్చి పంపినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆఫీసుకు తెలియదు. 2017 నాటి హెచ్ఐవి చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఆ కారణంతో ఉద్యోగం తీసేయకూడదు. ఒకవేళ పాజిటివ్ వచ్చినా వైరస్‌ను అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితం, సీడీ4 ఎంత ఉన్నా వెంటనే మొదలుపెడతారు. క్రమంగా వాడి రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గి అలాగే ఉంటే, సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు.

ఇది చదివే వేరేవాళ్లకు: రిస్క్ జరిగి 72 గంటలు దాటకపోతే ఆసుపత్రికి పరుగెత్తండి. హెచ్ఐవి సోకకుండా 28 రోజులు వాడే మందుల కోర్సు ఉంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మొహమాటమైతే ముందు హెచ్ఐవి హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

మీకు ఇంకొకటి. మీ రిజల్టు తేలేదాకా కండోమ్ తప్పనిసరి. ఈలోగా ఆఫీసులో రక్తదాన శిబిరం పెడితే, ఫ్రీగా టెస్టు అయిపోతుంది కదా అని వెళ్లి పడుకోకండి. వైరస్ సోకిన కొత్తలో ఇచ్చిన రక్తం పరీక్షకు దొరక్కుండా ఎవరికో ఎక్కే ప్రమాదం ఉంది.