బయోడేటాలో చివరి వరుసకు చేరిన ఫ్లోరైడ్ ప్రాజెక్టు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ కెమిస్ట్రీ 78 శాతం మార్కులతో పూర్తి చేసింది. మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాల కోసం రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చింది. ‘మీ గురించి చెప్పండి’ అంటే పేరు, ఊరు, మార్కులు చెప్పి ఆగిపోతోందట. తన గొప్ప తాను చెప్పుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఇంగ్లిష్ కోచింగ్‌కు హైదరాబాద్ పంపమంటారా? బయోడేటా జత చేస్తున్నాను.

జవాబు: కోచింగ్ సంగతి తర్వాత చూద్దామండి. మీరు పంపిన బయోడేటా మొదటి పేజీ నిండా కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం, నలుగురితో కలిసిపోయే స్వభావం అంటూ విశేషణాలే ఉన్నాయి. అవి ఇంటర్నెట్ సెంటర్‌లో దొరికే నమూనాలోవని చూడగానే తెలిసిపోతుంది. రెండో పేజీ అడుగున మాత్రం ‘ప్రాజెక్టు: భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పరీక్ష’ అని ఒక్క ముక్క ఉంది. దాని గురించి మీ అమ్మాయితో ఫోన్‌లో అరగంట మాట్లాడాను. ఇంటర్వ్యూ చేసినవారు వినవలసినదంతా ఆ ముక్క వెనుకే ఉండిపోయింది.

నలుగురు విద్యార్థులు కలిసి మీ మండలంలోని 5 ఊళ్ల నుంచి 32 బోర్ల నీళ్లు తెచ్చి స్పాడ్న్స్ పద్ధతిలో పరీక్షించారు. ఈ పద్ధతిలో నీటికి ఒక రంగు ద్రావణం కలుపుతారు, నీటిలో ఫ్లోరైడ్ పెరిగినకొద్దీ ఆ రంగు పలచబడుతుంది. ఆ రంగును 570 నానోమీటర్ల వద్ద స్పెక్ట్రోఫొటోమీటర్ కొలుస్తుంది. అయితే లీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాముల వరకే ఆ కొలతను నమ్మవచ్చు, మీ ప్రాంతపు బోర్లలో అంతకు మించి ఉండటం మీకు కొత్త కాదు. మొదటి రోజు 9 నమూనాల రీడింగులు ఆ హద్దు దాటినప్పుడు, వచ్చిన అంకెలే రాసేద్దామని తోటివారు అన్నా ఒప్పుకోక, మీ అమ్మాయి ఆ నీటిని డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి, ఒక్కొక్కటి రెండేసి సార్లు కొలిచి, పాత అంకెను చెరిపివేయకుండా దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి సంతకం, తేదీ వేసిందట. నేను గుచ్చి గుచ్చి అడిగితే గానీ ఈ సంగతి బయటికి రాలేదు. మందుల కంపెనీ ల్యాబ్‌లో కాగితం మీది తప్పును దిద్దవలసిన తీరు సరిగ్గా ఇదే; అంకె నచ్చలేదని కాగితం చింపేసే మనిషి వల్ల అక్కడ తనిఖీల్లో కంపెనీ మొత్తానికీ చిక్కులు వస్తాయి.

‘నేను చాలా జాగ్రత్తగా పనిచేస్తాను’ అనడం మీరన్నట్లు తన గొప్ప తాను చెప్పుకోవడమే, దానికి మీ ఇంట్లో ఉన్న మొహమాటం సమంజసమైనదే. 32 నమూనాల్లో 9 మళ్లీ కొలిచానని చెప్పడం మాత్రం ఎకరానికి ఎన్ని బస్తాలు దిగాయో చెప్పడం వంటిది, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. బయోడేటాలో విశేషణాలన్నీ తీసేసి, మొదటి పేజీ పైభాగంలోనే ఈ పనిని మూడు వాక్యాల్లో రాయించండి: ఏం పరీక్షించింది, ఎక్కడ చిక్కు వచ్చింది, తాను ఏం చేసింది.

మన పిల్లల్లో ఇంకో అలవాటు ఉంది. ఏది అడిగినా ‘మేము చేశాం’ అంటారు. అది మర్యాదే కానీ, ఎదుటివారికి ఈ అమ్మాయి వంతు ఎంతో తెలియదు. నీళ్లు తెచ్చింది నలుగురూ, రీడింగులు తీసి లెక్కలు కట్టింది తాను అని విడదీసి చెబితే తోటివారికి అన్యాయం జరగదు. అలాగే మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని కాలేజీలో చూసిందే గానీ నడపలేదని నాతో అన్నది. బయోడేటాలో మాత్రం ‘తెలుసు’ అని ఉంది. ‘ఏ కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) వాడారు?’ అనే ఒక్క ప్రశ్నకు అది బయటపడుతుంది, దానితో పాటు నిజంగా చేసిన పనిని కూడా నమ్మరు. ‘చూశాను, నేర్చుకోవలసి ఉంది’ అని మార్పించండి.

ఇంగ్లిష్ విషయానికి వస్తే, ముందు ఈ ప్రాజెక్టును మీకు అర్థమయ్యేటట్లు తెలుగులో చెప్పమనండి. మీరు మధ్యలో ప్రశ్నలు వేయండి, జవాబు మాత్రం మీరు అందించకండి. తెలుగులో వరుస కుదిరిన తర్వాత అదే వరుసను చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టుకోవడానికి పది పదిహేను రోజుల సాధన చాలు. ఈలోగా చౌటుప్పల్ వైపే కాకుండా జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోని కంపెనీలకూ దరఖాస్తు చేయించండి, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేయించండి. స్టైపెండ్ తక్కువే అయినా, హెచ్‌పీఎల్‌సీ మీద చెయ్యి పడేది అక్కడే.

ప్రాజెక్టు రికార్డు పుస్తకం అటక మీద ఉందని మీ అమ్మాయి చెప్పింది. దింపించి, ఆ గీత కొట్టిన పేజీకి గుర్తు పెట్టి, మూడో ఇంటర్వ్యూకు వెంట తీసుకెళ్లమనండి.