మైనస్ డిగ్రీలు అంటే వేడి అసలు లేదనా?

కాదు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు అంటే నీళ్లు గడ్డకట్టే స్థాయి కంటే 18 డిగ్రీలు కింద ఉందని మాత్రమే అర్థం.

సెల్సియస్ కొలతలో సున్నా అంటే వేడి అయిపోయిన చోటు కాదు, వీలు కోసం మనుషులు పెట్టుకున్న గుర్తు. మామూలు గాలి పీడనంలో నీరు గడ్డకట్టే చోట 0, మరిగే చోట 100 అనుకున్నారు. ఆ గుర్తుకు పైనుంటే ప్లస్, కిందుంటే మైనస్, అంతే. తడి వేలు అతుక్కుపోయేంత చల్లగా ఉన్న ఐస్ ట్రేనే తీసుకోండి. సెల్సియస్‌లో అది మైనస్ 18, ఫారెన్‌హీట్ అనే ఇంకో కొలతలో దాదాపు 0, కెల్విన్ అనే మరో కొలతలో సుమారు 255. ట్రే అదే, చలీ అదే. సున్నా ఎక్కడ పెట్టామన్నదీ, ఫారెన్‌హీట్‌లోనైతే ఒక్కో డిగ్రీ ఎంతన్నదీ మారాయి, అంతే. నిజంగా ఇక కిందికి పోలేని హద్దు మైనస్ 273.15 సెల్సియస్. కెల్విన్ కొలత అక్కడి నుంచే మొదలవుతుంది.

చాలామంది పొరబడేది ఇంకోచోట. జనవరిలో 20 డిగ్రీలు, మే నెలలో 40 డిగ్రీలు ఉంటే వేడి రెండింతలైందంటారు. 20 డిగ్రీలు పెరిగిందనడం సరైనదే, రెండింతలనడం తప్పు. కెల్విన్‌లో చూస్తే 293 నుంచి 313కి, అంటే 7 శాతం లోపే పెరిగింది. బియ్యం సంగతి వేరు: అక్కడ సున్నా అంటే గింజ కూడా లేదని, కాబట్టి 40 కిలోలు 20 కిలోలకు అచ్చంగా రెండింతలే.